ముక్కల గౌను

యేసయ్య పొద్దున లేచి మిషనుకు నూనె వేసి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, ఆ తర్వాతే అబద్ధాలు మొదలుపెట్టేవాడు. అబద్ధాలంటే ఆయన ఒప్పుకోడు. వ్యాపారం అంటాడు.

నారాయణఖేడ్ బస్టాండు వెనక సందులో ఆయన ఇంటి ముందరి గదే కృపా లేడీస్ టైలర్. కంగ్టి నుంచి, కల్హేర్ నుంచి కూడా ఆడవాళ్ళు బస్సెక్కి వచ్చి ఆయనకే జాకెట్లు ఇచ్చేవాళ్ళు. ఆయన కుట్టింది ఒంటికి అతికినట్టు కూర్చుంటుందని పేరు. దానికి తోడు ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి. మాట తప్పడని ఇంకో పేరు.

ఆ రోజు పొద్దున్నే దుర్గాభవాని వచ్చింది. అంగడి వీధిలో కిరాణా దుకాణం నడిపే హన్మమ్మకు తోడికోడలు. యేసయ్య ఆమె జాకెట్టును మడత పెట్టి కవర్లో వేస్తూ ఎప్పటి మాటే చెప్పాడు.

"గుడ్డ సరిపోలే చెల్లె. చేతుల కాడ జర తిప్పలైంది. ఎట్లనో అడ్జస్ట్ చేసి కుట్టిన."

గుమ్మం పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతున్న రిబ్కమ్మకు దగ్గు వచ్చింది. మొగుడు ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకు దగ్గు వస్తుంది. పెళ్ళయినప్పటి నుంచీ వస్తూనే ఉంది.

నిజానికి యేసయ్య చేతిలో గుడ్డ సరిపోకపోవడం అన్నది ఏనాడూ జరగలేదు. ఆయన కత్తెర అంత పొదుపుగా తిరుగుతుంది. జానెడో మూరెడో ఎప్పుడూ మిగులుతుంది. ఆ మిగిలింది బల్ల కింద బస్తాలోకి పోతుంది. బస్తా నిండితే అటకెక్కుతుంది. ఆ ముక్కలతో ఏం చేస్తాడయ్యా అంటే, ఏమీ చెయ్యడు. అమ్మడు, వాడడు, ఒకరికి ఇవ్వడు. పారేద్దామంటే చేతులు రావు, తిరిగిద్దామంటే మనసు రాదు. పని నేర్పిన గురువు సూదిలో దారం ఎక్కించడం నేర్పిన రోజే 'గుడ్డ సరిపోలే' అన్న మాట కూడా నేర్పాడు, యేసయ్య దాన్ని పనిలో భాగంగానే నేర్చుకున్నాడు.

"అట్లనా అన్నా," అంది దుర్గాభవాని, కవరు తీసుకుని. ముఖంలో ఏదో నవ్వు. "మీ రోజ పాట చూసినం. మస్తుగున్నది. ఇంట్ల అందరం కూసోని చూసినం. గౌను గూడ చూసినం."

గౌను అన్న మాటను కొంచెం సాగదీసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

"ఏం పాట?" అన్నాడు యేసయ్య పెళ్ళాంతో.

రిబ్కమ్మ గబగబా నాలుగు హుక్కులు పెదవుల మధ్య పెట్టుకుంది. నోట్లో హుక్కులున్న మనిషిని ఎవరూ జవాబు అడగరు. కాపురంలో ఎన్నో కష్టమైన ప్రశ్నలను ఆమె ఆ హుక్కులతోనే దాటింది.

రోజ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. చర్చి కాయిర్‌లో పాడుతుంది. క్రిస్మస్ పాట ఏదో అయి ఉంటుందనుకుని యేసయ్య పెళ్ళాం ఫోను తీసుకుని చూశాడు. అది క్రిస్మస్ పాట కాదు.

'ఖేడ్ పోరి నడిచొస్తే' అని పేరు పడింది. కింద, గానం రోజ, డ్యాన్స్ రోజ, డైరెక్షన్ దుర్గేశ్ అని. దుర్గేశ్ ఎవరో కాదు, చౌరస్తాలో ఫోటో స్టూడియో పెట్టుకుని పెళ్ళి వీడియోలు తీసే కుర్రవాడు. ముందుగా కుట్టు మిషను చప్పుడు వినిపించింది, టకటకటకమని. యేసయ్య అనుమానంగా తన మిషను వైపు చూశాడు. అది కదలకుండానే ఉంది. ఆ టకటక మీదికి డప్పు ఎక్కింది, డప్పు మీదికి గుండెలదిరే డీజే ఎక్కింది. కంది చేను నడుమ టెంట్ హౌస్ ఎర్ర తివాచీ పరిచి ఉంది. దాని మీద ఒకరి వెనక ఒకరుగా అమ్మాయిలు నడిచి వస్తున్నారు. ఒకతె గోనెసంచి గాగ్రా కట్టింది, ఇంకొకతె గొంగడిని కోటులా వేసింది. ఒక్కతె ముఖంలోనూ నవ్వు లేదు. అందరూ కలిసి ఠాణాలో ఫిర్యాదు ఇవ్వడానికి పోతున్నట్టున్నారు.

అందరి వెనక రోజ. రంగురంగుల ముక్కలతో కుట్టిన పెద్ద గౌను నేల మీద ఈడ్చుకుంటూ, భుజాలు రెండూ బయట పెట్టి, పాడుకుంటూ వస్తోంది.

'ఖేడ్ పోరి నడిచొస్తే గాలి పక్కకు జరగాలె
సుక్కలన్ని దారమెక్కి సూదిలకెల్లి దూరాలె'

తివాచీ చివరికొచ్చి గిర్రున తిరిగింది. గౌను గొడుగులా విచ్చుకుంది. అక్కడి నుంచి అందరూ ఫిర్యాదు సంగతి మరిచిపోయి ఎగరడం మొదలుపెట్టారు.

"రోజా," అని పిలిచాడు యేసయ్య. ఆ పిలుపుకు పక్కింటి కోడి కూడా తల తిప్పింది.

రోజ చాయ్ గ్లాసుతో వచ్చింది. తండ్రి చేతిలో ఫోను చూసి గ్లాసు గూట్లో పెట్టింది.

"ఏంది ఇది?"

"పాట, నాయిన."

"పాట సంగతి అడుగుతలేను. ఈ ఎగురుడేంది?"

"ఎగురుడు కాదు, డాన్స్. ముందల వచ్చింది ర్యాంప్ వాక్. పెద్ద పెద్ద ఫ్యాషన్ షోలల్ల గట్లనే నడుస్తరు."

"నవ్వకుంట?"

"ఫ్యాషన్‌ల నవ్వొద్దు నాయిన."

"చర్చిల పాడే గొంతు పెట్టుకొని చేన్ల గంతులేస్తవా? సంఘంల నా మొకం ఎట్ల చూపియ్యాలె? భుజాలేవి? భుజాలకు గుడ్డ దొరకలేదా?"

"అది ఆఫ్ షోల్డర్."

"నా దుకాణంల ఆఫ్ లేదు. ఫుల్లే ఉన్నది. ఎవడు కుట్టిండు ఆ గౌను?"

రోజ తల ఎత్తి తండ్రినే చూసింది.

"నేనే కుట్టిన. నువ్వు చర్చి మీటింగులకు పోయినప్పుడు."

డిగ్రీ అయ్యాక హైదరాబాదు పోయి ఫ్యాషన్ డిజైనింగ్ నేర్చుకుంటానని రోజ అడిగినప్పుడు యేసయ్య ససేమిరా అన్నాడు. ఈ మిషను ముందు కూర్చుని నా నడుము పోయింది, కళ్ళు పోయినయ్, నువ్వు బీఎడ్ చేసి కుర్సీలో కూర్చో, మిషను మాత్రం ముట్టకు అన్నాడు. అందులో ప్రేమే ఉంది గానీ నోట్లోంచి బయటికి వచ్చేటప్పటికి అది హుకుంలా వచ్చింది. అప్పటి నుంచి తండ్రీ కూతుళ్ళ మధ్య చాయ్, అన్నం, కరెంటు పోయింది, కరెంటు వచ్చింది అన్న మాటలు తప్ప ఇంకేమీ లేవు. ఇద్దరికీ అది బాధగానే ఉంది, ఇద్దరూ పైకి చెప్పలేదు.

ఈలోగా ఫోనులో పాట దానంతటదే మళ్ళీ మొదలైంది. కోపంగా ఆపబోయిన యేసయ్య చెయ్యి మధ్యలో ఆగిపోయింది. మొదటిసారి తండ్రిగా చూశాడు. ఈసారి కన్ను టైలరు కన్నయింది.

గౌను ఎద మీద పసుపుపచ్చ పట్టు, అంచుకు సన్నటి వంకాయరంగు గీత. అది అంతకుముందెప్పుడో కుట్టిన దుర్గాభవాని గృహప్రవేశం జాకెట్టుది. చేతులకు చాల్లేదని అప్పుడూ చెప్పిన గుడ్డ. నడుము దగ్గర చిలకపచ్చ, సిర్గాపూర్ టీచరమ్మది. వెనక వైపు మామిడిపిందెల ఎరుపు, కంగ్టి వాళ్ళ పెళ్ళిది. నేల మీద దుమ్ములో ఈడుస్తున్న నల్ల గళ్ళ గుడ్డ సాక్షాత్తూ హన్మమ్మది. గౌను తిరుగుతోంది, ఇన్నేళ్ళుగా సరిపోని గుడ్డలన్నీ ఒక్కొక్కటీ ముందుకొచ్చి ముఖం చూపించి పోతున్నాయి.

యేసయ్య నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. బస్తాలు ఖాళీగా పడి ఉన్నాయి.

"రోజా, ఈ బస్తాలల్లయి ఏమైనయ్?" అని పైనుంచే అరిచాడు.

"అయ్యే గౌనుకు వాడిన నాయిన. ఎలుకలు కొడుతున్నయ్, నీకు ఎట్లా పనికిరావు గదా."

"అడగకుంట ఎట్ల తీస్తవ్? అవి ఎవరియ్యో."

"ఎవరియి? మిగిలినయే గదా?"

"మిగల్లే," అన్నాడు యేసయ్య. అలవాటైన నోరు.

"మిగలకుంటే మరి బస్తాలల్లకు ఏడికెల్లి వచ్చినయ్?"

కింద రిబ్కమ్మకు హుక్కులు నోట్లోంచి రాలిపోయాయి. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. యేసయ్య నిచ్చెన దిగడానికి చాలాసేపు పట్టింది. కిందికి దిగితే ఏం చెప్పాలో ఆయనకు తెలియలేదు.

ముందరి గదిలో పెళ్ళిళ్ళ సీజను జాకెట్లు దండెం నిండా వేలాడుతున్నాయి. గుడ్డదొంగ అని ఒక్కసారి పేరు పడితే ఇక ఏ ఆడమనిషి నమ్మి మీటరు గుడ్డ చేతిలో పెడుతుంది? కుట్టుకూలి పోతే ఇంకో పని చూసుకోవచ్చు. ఆదివారం చర్చిలో వాక్యం చదివే బల్ల దగ్గర నిలబడి, దొంగిలవద్దు అన్న ఆజ్ఞను ఏ నోటితో చదవాలి?

"ఆ వీడియో తీసెయ్యి," అన్నాడు కూతురితో.

"ఎందుకు?"

"భుజాల కోసం," అన్నాడు. అంతకన్నా మంచి కారణం దొరకలేదు.

రోజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడాది కష్టపడ్డ నాయిన. పాట నేనే రాసుకున్న, నేనే పాడిన. ముందల వచ్చే మిషను సప్పుడు ఎవరిదనుకున్నవ్? నీదే. నువ్వు కుడుతుంటే తలుపు ఎనక నిలబడి రికార్డు చేసుకున్న. మస్తు మిషన్లు విన్న గని నీ లెక్క ఏదీ తాళం తప్పకుంట నడవది. దాని మీదనే పాట కట్టిన. నేను తియ్య."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. యేసయ్య మిషను ముందు కూర్చున్నాడు గానీ తొక్కలేకపోయాడు. ఆ చప్పుడు వింటే ఏడుపు వచ్చేలా ఉంది.

భయం మాత్రం ఏడుపు కన్నా పెద్దది. సాయంత్రం టోపీ పెట్టుకుని దుర్గేశ్ స్టూడియోకి పోయాడు.

"తీసెయ్యాల్నా?" అన్నాడు దుర్గేశ్, కుర్చీలోంచి జారిపోతూ. "ఏం మాట్లాడుతున్నవ్ కాకా. ఖేడ్‌ల గింతగనం ఏ పాట పోలే. మనోళ్ళే ఒక్కొక్కరు మల్ల మల్ల చూస్తుండ్రు. రోజ గిర్రున తిరిగే కాడ ఆపుతుండ్రట, పెద్దగ చేసి చూస్తుండ్రట. గంత మంచిగ తీసిన్నా అని నాకే నమ్మకమైతలేదు."

ఎందుకు ఆపుతున్నారో యేసయ్యకు తెలుసు. చెప్పలేక లేచి వచ్చేశాడు.

దారి పొడవునా ఆడవాళ్ళు పలకరించారు. "అన్నా, పాట చూసినం." "రోజ గౌను మంచిగున్నదన్నా." మామూలుగా నవ్వే ఆడవాళ్ళే. కానీ ఆయన కళ్ళకు ఒక్కొక్కరి చేతిలో లాఠీ కనిపించింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"ఎన్నిసార్లు చెప్పిన నీకు," అంది రిబ్కమ్మ. "మిగిలింది మిగిలినట్టు ఇచ్చెయ్యి, జానెడు గుడ్డతోని బంగ్ల కడతవా అన్న. విన్నవా?"

"బిడ్డకు చెప్పకు," అన్నాడు యేసయ్య, గొంతు బాగా తగ్గించి. "దాని ముందల నన్ను దొంగను చెయ్యకు."

మొగుడి ముఖం చూసి రిబ్కమ్మ ఇక దెప్పలేదు. పప్పు ఇంకొంచెం వేసి, తినమంది.

అంగడి రోజు వచ్చింది. పొద్దు ఎక్కక ముందే సందు చివర హన్మమ్మ గొంతు వినిపించింది. హన్మమ్మ మెల్లగా మాట్లాడినా అంగడి ఆ చివరికి తెలుస్తుంది. వెనక దుర్గాభవాని, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు. హన్మమ్మ ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో నల్ల గళ్ళ జాకెట్టు.

యేసయ్య గొలుసు తెంచుకున్న మనిషిలా లేచాడు. "రిబ్కా, నేను ఇంట్ల లేనని చెప్పు."

"నేను అబద్ధాలు చెప్ప. ఇంట్ల ఒక్కరున్నరు, చాలు."

ఇక దారి లేక ఆయన గది మూలన జాకెట్లు తొడిగి చూసుకునే తెర వెనక దూరాడు. ఆ తెర ఆడవాళ్ళ కోసం కుట్టింది, మోకాళ్ళ దాకానే వస్తుంది. కింద యేసయ్య కాళ్ళు, చెప్పులతో సహా, ఊరందరికీ కనిపిస్తూనే ఉన్నాయి.

"యేసయ్య ఏడి?" అంది హన్మమ్మ లోపలికొచ్చి. ఆమె చూపు తెర కిందికి పోయింది. మళ్ళీ పైకొచ్చింది. "లేడా? సరే తియ్యి. బిడ్డ ఉన్నది గదా, బిడ్డనే అడుగుత. ఇగో రోజా, ఇట్లరా. ఇది నా జాకెట్. ఇది నీ గౌను. ఈ గళ్ళు, ఆ గళ్ళు ఒక్కటేనా కావా?"

రోజ ఫోనులో ఆగి ఉన్న బొమ్మను చూసింది. జాకెట్టును చూసింది. పక్కనే నవ్వాపుకుంటూ నిలబడ్డ దుర్గాభవానిని చూసింది. చివరికి తెర కింద తండ్రి కాళ్ళను చూసింది. అప్పుడు అర్థమైంది ఆ పిల్లకు, ఎందుకు మిగల్లేదన్నాడో, ఎందుకు వీడియో తీసెయ్యమన్నాడో, భుజాల గొడవ నిజంగా దేని గొడవో.

"ఒక్కటే పెద్దమ్మా," అంది రోజ.

"మరి మీ నాయిన గుడ్డ మిగల్లేదన్నడు గదా నాతోని?"

తెర వెనక యేసయ్య ఊపిరి తీయడం మానేశాడు.

"నాయినకు ఏం తెల్వదు," అంది రోజ. "మిగిలిన గుడ్డ మీకే ఇయ్యాలని నాయిన కవర్లల్ల పెట్టిపెడతడు. గౌను కోసమని నేనే తీసి దాసిన. మిగల్లేదని నాయినకు నేనే చెప్పిన, నాయిన నమ్మి మీకు చెప్పిండు. అనేదుంటే నన్ను అనుండ్రి. మా నాయినను ఏమనకుండ్రి."

తెర చాటున యేసయ్య ప్రతి మాటా విన్నాడు. మీటరు గుడ్డ కోసం కాదు, సంఘం కోసం కాదు, ఈ పిల్ల కోసమే ఆయన తన పేరును ఇన్నాళ్ళూ ఇస్త్రీ చేసి పెట్టుకున్నాడు. ఆ పిల్లే ఇప్పుడు నలుగురి ముందు దొంగనని నిలబడింది, ఆయన చెప్పుల కాళ్ళను కాపాడడానికి. ఏడాదిగా సరిగ్గా మాట్లాడని తండ్రి కోసం.

తెరను ఒక్క గుంజు గుంజాడు. కర్రతో సహా ఊడి నెత్తిన పడింది. దాన్ని నెత్తి మీదే ఉంచుకుని బయటికొచ్చాడు.

"బిడ్డ అబద్ధం చెప్తుంది," అన్నాడు. "దానికి పాపం తెల్వదు. తీసింది నేను. మిగల్లేదని చెప్పింది నేను. హన్మక్కా, నీ నల్ల గళ్ళ గుడ్డ మూర మిగిలింది. చెల్లె దుర్గాభవాని, నీ పసుపు పట్టు అంతకన్నా ఎక్కువే మిగిలింది. చేతులకు తిప్పలేం కాలే. ఎన్నడూ కాలే. మీ అందరియీ మిగిలినయ్. వాటితోని ఏం చేసుకున్న అంటే ఏం చేసుకోలే, ఉత్తగ అటక మీద పెట్టిన. ఏమంటరో నన్ను అనుండ్రి. నా బిడ్డను దొంగ అనకుండ్రి."

తెర గుడ్డ కింద నుంచి కన్నీళ్ళు కారుతున్నాయి. రిబ్కమ్మ లేచి వచ్చి తెరా కర్రా తీసి పక్కన పెట్టింది.

హన్మమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని ఆయన్ని కిందికీ పైకీ చూసింది.

"అయిపోయిందా? ఇగ నేను మాట్లాడాల్నా?" అంది. "నువ్వు గుడ్డ మిగిలిస్తవని మాకు తెల్వదా? మా అత్తకు తెలుసు, నాకు తెలుసు, నా కోడలుకు తెలుసు. గందుకే గదా దుకాణంల ఎప్పుడూ ఒక జానెడు ఎక్కువనే చింపిస్తం. టైలర్ అన్నంక గంత తింటడని పక్కకు పెట్టి తెస్తం. దానికోసం అంగడి ఇడిసిపెట్టి వస్తనా?"

యేసయ్య కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయాడు. "మరి ఎందుకొచ్చినవ్ అక్కా?"

"ఎందుకొచ్చిన్నా? ఇగో ఇది చూడు." హన్మమ్మ ఫోను ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "ఇంటికి పెద్దకోడలిని నేను. ఈ దుర్గాభవాని గుడ్డ తీసుకపోయి ఎదల మీద పెట్టిండ్రు. నాది కింద దుమ్ముల ఈడుస్తుండ్రు. మొన్నటికెల్లి ఇది ఊరంత చూపిస్తుంది, మా అక్కది చీపురు లెక్క ఊడ్సుకుంట పోతుంది అని. గింత అన్యాయం ఉంటదా?"

"నేనెప్పుడన్న అక్కా," అంది దుర్గాభవాని. "కింద ఉన్నది అన్న, గంతే."

"నాదైతే అసలే లేదు," అంది వెనక నుంచి ఇంకొకామె. "పాట మొత్తం ఆపి ఆపి చూసిన. కండ్లు గుంజినయ్ గని నా గుడ్డ కానొస్తలేదు. మా గుడ్డ అంత పనికిరానిదా యేసన్నా?"

"నాది వీపు మీద పెట్టిండ్రు. వీపు ఎవరు చూస్తరు?" అంది మరొకామె.

ఇక అందరూ ఒక్కసారే మాట్లాడారు. గదిలో గాలి కూడా దూరే సందు లేకుండా పోయింది. ముందు రిబ్కమ్మ నవ్వింది. ఆ తర్వాత రోజ ఏడుస్తూనే నవ్వింది. యేసయ్య ఎవరి ముఖం చూడాలో తెలియక ఒక్కొక్కరినీ చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ఆయన ఒక్కడే మోసం చేస్తున్నాననుకున్నాడు. ఊరు ఊరంతా తెలిసి తెలిసి మోసపోయిందని ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా, ఇంత మంచివాళ్ళకా ఇన్నేళ్ళు అబద్ధం చెప్పాను అనిపించి మళ్ళీ కళ్ళు నిండాయి.

హన్మమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపింది. "ఇగో యేసయ్యా, తీర్పు నేనే చెప్తున్న. ఇంకోపాట ఎప్పుడు తీస్తరో నాకు తెల్వదు. ఆ గౌను ఇప్పి మల్ల కుట్టుండ్రి. భుజాల మీద జాగ ఖాళీగనే ఉన్నది గదా, నా గుడ్డ ఆడ పెట్టుండ్రి. దూరంకెల్లి కానరావాలె. ఇగ మీద మిగిలింది రోజకు చెప్పి ఇయ్యి, మాకు చెప్పి ఇయ్యి, ఎవరికన్న చెప్పి మాత్రం ఇయ్యి."

భుజాల మీద అన్న మాట వినగానే యేసయ్య ముఖం వెలిగింది, రోజ ముఖం ముడుచుకుంది.

"ఇంకొకటి," అంది హన్మమ్మ గుమ్మం దాటుతూ, రోజ తల మీద చెయ్యి పెట్టి. "తండ్రి కోసం తప్పు నెత్తి మీద వేసుకునే బిడ్డవు. నిన్ను గని ఎన్నడన్న ఏడిపించిండంటే నాకు చెప్పు. అంగడిల నిలబెట్టి అడుగుత."

ఆడవాళ్ళు వెళ్ళిపోయాక గది ఒక్కసారిగా పెద్దదయినట్టయింది. తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు. చాయ్, అన్నం, కరెంటు కాకుండా ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ అలవాటు తప్పింది.

"ఎందుకట్ల చెప్పినవ్ బిడ్డా?" అన్నాడు చివరికి. "నిన్ను దొంగ అంటే నేను బతుకుతనా?"

"నిన్నంటే నేను బతుకుతనా?" అంది రోజ.

యేసయ్య ముఖం అటు తిప్పుకుని, ఆ గౌను తెమ్మన్నాడు. రోజ తెచ్చి బల్ల మీద పరిచింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని కుట్లన్నీ లోపలి నుంచి చూశాడు. లోపల కుట్టు చూస్తే పనిమంతుడి మనసు తెలుస్తుందని ఆయన నమ్మకం. ఒక ముక్క పట్టు, పక్కది నూలు, దాని పక్కది జార్జెట్టు. ఒకటి సాగుతుంది, ఒకటి సాగదు. అయినా ఎక్కడా ముడత లేదు. దారం ఎక్కడా తెగలేదు.

"చంక కాడ గుంజింది," అన్నాడు.

"తెలుసు. ఎట్ల సరిచెయ్యాల్నో తెల్వలే. నిన్ను అడుగుదామంటే నువ్వు మిషను ముట్టొద్దంటివి."

ఆ మాట ఆయనకు తగలవలసిన చోటే తగిలింది. "అడిగితే చెప్పకపోదునా," అని గొణిగాడు. చెప్పేవాడు కాడని ఆయనకే తెలుసు. అందుకే మెడలోంచి టేపు తీశాడు. "నిలబడు. కొలత తీస్త. పదమూడు ఇంచులు పెట్టి కుట్టినవా భుజం? నీది పదమూడే."

"కొలువు నాయిన."

ఖేడ్‌లో సగం మంది ఆడవాళ్ళ కొలతలు టేపు లేకుండా నోటికి చెప్పే మనిషి ఆయన. కూతురి భుజానికి ఈ కొస నుంచి ఆ కొసకు టేపు పట్టాడు. చూశాడు. తీసి మళ్ళీ పట్టాడు. పదమూడు ఆ పిల్ల బడికి పోయేటప్పటి కొలత. ఆఖరిసారి ఆయన కుట్టిన యూనిఫాం కొలత. కాలేజీకి పోయిన తర్వాత రోజ రెడీమేడ్ బట్టలు కొనుక్కుంది, ఆయన అడగలేదు. ఊరి ఆడపిల్లలందరూ పెరగడం టేపు మీద చూశాడు. ఇంట్లో పిల్ల ఎప్పుడు పెరిగిందో చూడలేదు. అందుకే దానికి ఏం కావాలో కూడా కొలవకుండానే చెప్పేశాడు. టేపు మీది గీతలు అలుక్కుపోయి కనిపించలేదు.

"ఎంతొచ్చింది?" అంది రోజ, వెనక్కి తిరగకుండా.

"మస్తొచ్చింది," అన్నాడు యేసయ్య. టేపు చుట్టుకుంటూ, "ఆ హైదరాబాద్ కాలేజీల ఎప్పుడు చేర్చుకుంటరో కనుక్కో," అన్నాడు.

రోజ గిర్రున తిరిగి తండ్రిని పట్టుకుంది. రిబ్కమ్మ హుక్కులు వెతుక్కుంది గానీ ఈసారి నోట్లో పెట్టుకోలేదు. హాయిగా ఏడ్చేసింది.

కళ్ళు తుడుచుకున్నాక తండ్రీ కూతుళ్ళు భుజాల దగ్గర మళ్ళీ పోట్లాడుకున్నారు. హన్మమ్మ గుడ్డ మెడ దాకా రావాలని ఆయన. అయితే ఆ గౌను చర్చికి వేసుకుపోదాం, పాటకు వద్దు అని ఆమె. నాలుగు వేళ్ళు పైకి అని ఆయన, ఒక్క వేలు చాలని ఆమె. హన్మక్క దూరంకెల్లి కానరావాలన్నది గదా అని ఆయన, కానొస్తది నాయిన, సన్నగ కానొస్తది అని ఆమె. పక్కింటివాళ్ళు మళ్ళీ ఏం గొడవయిందోనని గోడ మీద నుంచి చూశారు.

యేసయ్య పెద్దగా నిట్టూర్చి చాక్‌పీసు తీశాడు. కూతురు వేలు పెట్టి చూపించిన చోటే గీత గీశాడు.